బుడమేరు చచ్చిన ఏరు కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

బుడమేరు మీద మీ పత్రికలో వచ్చే వార్తల్ని ఒక్కటీ వదలకుండా చదివే విజయవాడ సింగ్‌నగర్ వాసిని. డైవర్షన్ కెనాల్ కట్టలు బలపరుస్తారు, వెడల్పు చేస్తారు, సామర్థ్యం పెంచుతారు, అంచనాలు తయారవుతున్నాయి, టెండర్లు పిలుస్తారు అని రాస్తుంటారు. మంచిదే, కాదనేవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు. కానీ ఇవన్నీ వెలగలేరు గేట్లకు ఆవల జరిగే పనులు. గేట్లకు ఈవల, మా ఇళ్ళ మధ్యలోంచి పోయే అసలు ఏటి దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘ఆక్రమణలు’ అని ఒక్క మాట అనేసి అందరూ ఊరుకుంటున్నారు. నా గొడవంతా ఈవలి ఏటి గురించే.

ఊరికి కొత్తవాళ్ళు కూడా చదువుతారు కాబట్టి ముందు దాని దారి చెబుతాను. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుడుతుంది. పెద్ద నదేం కాదు, ఎండాకాలంలో చూస్తే దాన్ని ఏరు అనడానికి కూడా మొహమాటంగా ఉంటుంది. జి.కొండూరు మీదుగా వచ్చి వెలగలేరు దగ్గర రెగ్యులేటర్‌కి చేరుతుంది. అక్కడ 11 గేట్లున్నాయి. మామూలు రోజుల్లో అవి దించే ఉంటాయి, నీళ్ళు పక్కకి తిరిగి డైవర్షన్ కెనాల్‌లో పడి, ఇబ్రహీంపట్నం దగ్గర, అంటే ప్రకాశం బ్యారేజీకి ఎగువన, కృష్ణలో కలుస్తాయి. గేట్లు ఎత్తారంటే మాత్రం ఏరు తన పాత దారి పడుతుంది. బెజవాడ ఉత్తరపు అంచున పాయకాపురం, సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, మధురానగర్, గుణదల, రామవరప్పాడు, ఎనికేపాడు. ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ అడ్డం వస్తుంది, దాని కింద కట్టిన సొరంగం లాంటి యూటీ (అండర్ టన్నెల్) లోంచి దూరి అవతల తేలి, నందివాడ వైపు పొలాలన్నీ దాటుకుని కొల్లేరులో పడుతుంది. కొల్లేరు నుంచి ఉప్పుటేరు, అక్కడి నుంచి సముద్రం.

అంటే ఈ ఏటికి రెండు దారులు. ఒకటి మనం తవ్వింది, ఒకటి అది తవ్వుకున్నది. మనం తవ్వినదాన్ని కెనాల్ అని గౌరవంగా పిలుస్తున్నాం, బడ్జెట్లో డబ్బులు పెడుతున్నాం. అది తవ్వుకున్నదానికి మురుగు కాలువ అని పేరు పెట్టాం. అడిగితే మా పేటలో చిన్నపిల్లలు కూడా అదే చెబుతారు, వాళ్ళు పుట్టాక చూసింది నల్లటి నీళ్ళు, గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు, దోమలు, అంతే.

మా వీధిలో స్థలాలు అమ్మిన పెద్దమనిషి కూడా అప్పట్లో ఇదే మాట చెప్పాడు. ‘బుడమేరుని కృష్ణలోకి తిప్పేశారు కదండీ, ఇక్కడ ఉన్నది ఉత్త డ్రైనేజీ, రేపోమాపో సిమెంటు గోడలు కట్టి పైన రోడ్డు వేస్తారు’ అని. ఆయన అబద్ధం చెప్పాడని కూడా నేననను, ఊరంతా అదే నమ్మింది, నమ్మమని ఊరుకున్నవాళ్ళు ఊరుకున్నారు. స్థలం రిజిస్టర్ అయింది, ప్లాన్ పాసయింది, ఇంటి పన్ను కట్టించుకున్నారు, కరెంటు మీటరు బిగించారు, కుళాయి ఇచ్చారు. ఇన్ని కిటికీల దగ్గర నిలబడితే ఒక్క కిటికీ దగ్గర కూడా ‘బాబూ, వెలగలేరు గేట్లు ఎత్తితే నీళ్ళొచ్చేది మీ వీధిలోకే’ అని చెప్పినవాళ్ళు లేరు.

2005లో ఒకసారి వరద వచ్చి వెళ్ళింది. అప్పుడూ గొడవైంది, అప్పుడూ మంత్రులు పడవలెక్కి చూశారు, కెనాల్ వెడల్పు చేద్దామన్నారు, కొంత చేశారు కూడా. తర్వాత ఏళ్ళు గడిచాయి, కొత్త అపార్ట్‌మెంట్లు లేచాయి, అందరం మర్చిపోయాం.

ఇక 2024. ఆగస్టు 31న వాన దంచికొట్టింది, మొగల్రాజపురంలో కొండచరియ విరిగిపడి మనుషులు పోయారు, మేమంతా టీవీల ముందు కూర్చుని ఆ వార్త చూస్తూ అయ్యో అనుకుంటున్నాం. ఆ టైములో మాకు పైన ఏం జరుగుతోందో మాకు తెలియదు. డైవర్షన్ కెనాల్ మోయగలిగింది సుమారు 15 వేల క్యూసెక్కులు (క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీళ్ళు), వచ్చింది దానికి రెట్టింపు పైమాటే అని తర్వాత అధికారులే చెప్పారు. గేట్లు ఎత్తారు. అటు కెనాల్ ఎడమ గట్టుకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి. గేట్లలోంచి వచ్చింది, గండ్లలోంచి వచ్చింది, రెండూ కలిసి ఊరి మీద పడ్డాయి.

తెల్లారేసరికి వీధిలో నీళ్ళు లేవు, అది గుర్తుంది. ముందు బాత్‌రూమ్‌లో గడగడమని చప్పుడైంది. వెళ్ళి చూస్తే జాలీలోంచి నల్లటి నీళ్ళు పైకి తన్నుతున్నాయి, వాటితో పాటు బొద్దింకలు బారులు కట్టి గోడెక్కుతున్నాయి. డ్రైనేజీ జామ్ అయిందేమో అనుకుని కర్ర పెట్టి పొడుస్తుంటే, కింద వాటాలో అద్దెకుండే అక్క ‘అన్నయ్యగారూ, గుమ్మంలోకి కూడా వచ్చేస్తున్నాయండీ’ అని కేక పెట్టింది. ఆ అక్కది కుట్టుపని. మేం బయటికి మోయగలిగింది ఒక మిషను, రెండో మిషను, కస్టమర్ల బట్టలు, జాకెట్టు ముక్కలు, అన్నీ నీళ్ళలోనే ఉండిపోయాయి. గ్యాస్ బండ తేలి తలుపుకి కొట్టుకుంటుంటే ఆ చప్పుడు పైన మాకు రాత్రంతా వినపడుతూనే ఉంది. మంచినీళ్ళు లేవు, కరెంటు లేదు, ఫోన్ చార్జింగ్ అయిపోయింది. పాల ప్యాకెట్టు ఎంత పలికిందో, సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాకా దించడానికి ప్రైవేటు పడవవాళ్ళు ఎంత అడిగారో ఇప్పుడు తలుచుకోకపోవడమే నయం. అన్నం పొట్లాలు తెచ్చిచ్చిన కుర్రాళ్ళు మాత్రం ఎక్కడి నుంచి వచ్చారో తెలియదు, వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి.

సైన్యం కూడా వచ్చి ఇనప బుట్టల్లో రాళ్ళు నింపి గండ్లు పూడ్చడానికి వారం పట్టింది. తర్వాత ఫైరింజన్లతో ఇళ్ళు కడిగారు. కింద అంతస్తుకి 25 వేలు, పై అంతస్తులకి 10 వేలు అని ప్రకటించారు. ఆ డబ్బు గురించి నేనేమీ రాయను, అది వేరే ఉత్తరం.

నేను చెప్పదలచుకున్న అసలు పాయింటు ఇది. డైవర్షన్ కెనాల్ ఎంత పెద్దది చేసినా, దాని మూతి ఎక్కడుంది? కృష్ణలో. బ్యారేజీకి ఎగువన. ఆ సెప్టెంబర్ 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, 1957లో బ్యారేజీ కట్టాక అంత ఎప్పుడూ రాలేదు, అంతకుముందు రికార్డు 2009 అక్టోబర్ వరదది. కృష్ణ అంత ఎత్తున నిండి పారుతుంటే పక్కనుంచి వచ్చే కాలువని లోపలికి రానిస్తుందా? నెట్టేస్తుంది. నీళ్ళు వెనక్కి ఎగదన్ని కెనాల్ గట్ల దాకా లేస్తాయి, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ గండి. దీనికి ఇంజనీరే చెప్పక్కర్లేదు, వంటింటి సింకుకీ బయటి మ్యాన్‌హోల్‌కీ ఉన్న సంబంధం తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది.

మరి కృష్ణ నిండటం, బుడమేరు పొంగడం ఒకేసారి జరగడం ఖర్మ కొద్దీ వచ్చిందా అంటే కాదు. పైన నల్లమల అవతల, మహారాష్ట్ర, కర్ణాటకల్లో కురిసిన వాన వల్ల కృష్ణకి వచ్చే వరద వేరు, దానికి శ్రీశైలం, సాగర్, పులిచింతల దగ్గర ముందే కబురు తెలుస్తుంది. కానీ మున్నేరు, వైరా, కట్టలేరు అలా కాదు, వాటి నీళ్ళు బ్యారేజీకి కొంచెం ఎగువనే కృష్ణలో పడతాయి. ఆ సెప్టెంబర్ 1న ఖమ్మాన్ని ముంచింది మున్నేరే కదా. మైలవరం కొండల మీద కురిసిన వాన ఖమ్మం వైపు కూడా కురుస్తుంది, ఆకాశానికి జిల్లా సరిహద్దులు తెలియవు. అదే వాన, అదే రోజు, బుడమేరుని నింపుతుంది, అది పోయి కలవాల్సిన కృష్ణనీ నింపుతుంది. అంటే మిగతా ఏడాదంతా బ్రహ్మాండంగా పనిచేసే డైవర్షన్ కెనాల్, మాకు దానితో పని పడ్డ ఆ ఒక్క రోజే మొండికేస్తుంది.

పైగా 2015 నుంచి ఆ కెనాల్‌కి ఇంకో బాధ్యత కూడా అప్పగించాం. పట్టిసీమ నుంచి ఎత్తిపోసిన గోదావరి నీళ్ళు పోలవరం కుడి కాలువలో వచ్చి ఇందులోనే కలిసి కృష్ణలోకి పోతాయి. పంపులన్నీ తిరిగితే 8,500 క్యూసెక్కులు. డెల్టా రైతుకి ఆ నీళ్ళు ప్రాణం, నేను దానికి వ్యతిరేకం కాదు, మా మేనమామలది ఉయ్యూరు వైపు వ్యవసాయమే. వరద వస్తుందంటే పంపులు ఆపొచ్చు అంటారు, ఒప్పుకుంటాను. కానీ వరద కోసం తవ్విన కాలువని వరదల సీజన్‌లోనే వేరే నీళ్ళకి కూడా వాడుతున్నామన్నది గుర్తుంచుకోవాలి కదా, సామర్థ్యం లెక్కలు చెప్పేటప్పుడు.

అందుకే అంటున్నాను, వెలగలేరు గేట్లు మళ్ళీ ఎత్తక తప్పని రోజు వస్తుంది. ఆ రోజు గేట్లు ఎత్తినవాళ్ళని నేను తిట్టను. అక్కడ గేట్లు తిప్పే లస్కరు చేతిలో ఉన్నవి రెండే దారులు, ఎత్తితే ఊరు మునుగుతుంది, ఎత్తకపోతే గట్లు తెగి ఊరు మునుగుతుంది. కెనాల్‌లో పట్టని నీళ్ళు ఒక్క రోజు పాటు 11,574 క్యూసెక్కుల చొప్పున ఇటు వచ్చాయనుకోండి, అది ఒక టీఎంసీ, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఒక టీఎంసీ అంటే 28 చదరపు కిలోమీటర్ల మేర మీటరు ఎత్తున నిలబడే నీళ్ళు. వాటిని ముందుకి తీసుకుపోయే దారి లేకపోతే నిలబడతాయి, అంతే. మా దగ్గర వారం, పది రోజులు నిలబడింది అందుకే. వాన ఆగిపోయింది, ఎండ కూడా కాసింది, నీళ్ళు మాత్రం కదల్లేదు.

ఎందుకు కదల్లేదు అన్న ప్రశ్నకి వెంటనే ‘ఆక్రమణలు’ అనేస్తారు. అనండి, కానీ ఎవరివో కూడా చెప్పండి. కట్ట మీద రేకుల షెడ్డు వేసుకున్న కూలివాడు కంటికి కనపడతాడు, ఫొటో కూడా బాగా వస్తుంది. ఏటి మీద వంతెన కట్టాల్సిన చోట నాలుగు తూము పైపులు వేసి పైన రోడ్డు పోసినవాళ్ళు ఫొటోలో కనపడరు. పల్లంలో మట్టి తోలి మెరక చేసి లేఅవుట్ వేసి అనుమతి తెచ్చుకున్నవాళ్ళూ కనపడరు. అంతెందుకు, వాంబే కాలనీ ఎవరు కట్టించారు? ప్రభుత్వమే. నిరుపేదలకి ఇళ్ళు ఇవ్వడానికి దొరికిన జాగా అదీ. అక్కడి జనం కూడా పీకల్లోతు నీళ్ళలో ఉన్నారు, వాళ్ళని ఆక్రమణదారులు అంటారా? ఆక్రమణలు తొలగిస్తామని ఆపరేషన్ బుడమేరు అని పేరు పెట్టినప్పుడు మా పేటలో అందరికీ ఒకటే టెన్షన్, ముందు ఎవరి ఇంటికి మార్కు పెడతారో అని. పత్రాలున్నవాడికి ఒక భయం, లేనివాడికి ఇంకో భయం. ఇంతవరకు ఎవరూ స్పష్టంగా ఒక గీత గీసి చూపించింది లేదు.

మాకు కావాల్సింది ఆ గీతే. ఏరు వెడల్పు ఎక్కడ ఎంతో పాత గ్రామ పటాల్లో, సర్వే రికార్డుల్లో ఉంటుంది. వెలగలేరు నుంచి ఎనికేపాడు యూటీ దాకా ఒకసారి గొలుసు పట్టి కొలిచి రాళ్ళు పాతండి. ఆ గీత లోపల పడ్డ పేదలకి ముందు వేరేచోట ఇల్లు చూపించి అప్పుడు కదపండి, బుల్డోజర్ ముందు పంపి ఇల్లు తర్వాత ఇస్తాం అంటే ఏ ఒక్క గుడిసె కదలదు, కోర్టులో స్టే తప్ప మిగిలేదేం ఉండదు. గీత బయట ఉన్నవాళ్ళని మనశ్శాంతిగా బతకనివ్వండి. గీత లోపల పడ్డ రోడ్లు, తూములు, కాంపౌండ్ గోడలు ప్రభుత్వానివైనా సరే, ముందు వాటి సంగతి చూడండి. అన్నిటికంటే ఇరుకు చోటు ఏదో అదే ఏటి అసలు సామర్థ్యం, పైన వంద అడుగులు తవ్వి కింద ఒక ఇరుకు తూము వదిలేస్తే తవ్వకం బిల్లు తప్ప ఏమీ కదలదు. ఎనికేపాడు యూటీ కూడా అంతే, మొత్తం పాత బుడమేరు ఆ గొంతులోంచే దిగాలి. గుర్రపుడెక్క తియ్యడం ఆగస్టులో కాదు, మే నెలలో. తీసిన పూడికని గట్టు మీదే పోసి వెళ్ళిపోతే మొదటి వానకే మళ్ళీ లోపలికి దిగుతుంది, ఇది చూసీ చూసీ విసుగెత్తిపోయాం.

ఇక్కడ నందివాడ వాళ్ళు నన్ను తిట్టుకుంటారని తెలుసు. మీరు మీ నీళ్ళని తొందరగా పంపేస్తే మునిగేది మేమే కదా అంటారు. న్యాయమే. ఆ సెప్టెంబర్‌లో మా దగ్గర తీశాక వాళ్ళ ఊళ్ళ చుట్టూ చేరింది కూడా ఈ నీళ్ళే. కొల్లేరులో చేపల చెరువుల కట్టలు 2006లో కొట్టారు, మళ్ళీ లేచాయి, ఆ కథ అందరికీ తెలుసు. ఉప్పుటేరు పూడిక తియ్యకుండా బెజవాడలో ఏరు వెడల్పు చేస్తే కష్టాన్ని కిందికి తోసినట్టే అవుతుంది. కాబట్టి పని కింది నుంచి పైకి రావాలి, ఉప్పుటేరు, కొల్లేరు, యూటీ, తర్వాత మా పేట. ఆలస్యమవుతుందంటే ఒప్పుకుంటాం, వరుస తప్పకుండా చేస్తే చాలు.

ఆలస్యం కాకూడనిది ఒకటే ఉంది, దానికి పైసా ఖర్చు కూడా లేదు. గేట్లు ఎత్తే ముందు చెప్పడం. వెలగలేరులో ఎత్తిన నీళ్ళు మా దాకా రావడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ కొన్ని గంటల్లో ముసలివాళ్ళని మేడ మీదికి చేర్చొచ్చు, బండి ఫ్లైఓవర్ మీద పెట్టుకోవచ్చు, మందులు, సర్టిఫికెట్లు సంచిలో వేసుకోవచ్చు, ఆ అక్క రెండో మిషను కూడా పైకి వచ్చేది. ఎన్నికలప్పుడు సందు సందుకీ మైకు ఆటోలు తిరుగుతాయి. ఆ రాత్రి మా సందులోకి ఒక్క ఆటో రాలేదు. ఫోన్లో మెసేజ్ పంపితే చాలనుకోవద్దు, వానకి కరెంటు పోయి టవర్లు పడిపోయేది కూడా అప్పుడే. మైకే కావాలి, గుడి మైకైనా, మసీదు మైకైనా, చర్చి మైకైనా సరే.

మీ పత్రికకి కూడా ఒక విన్నపం. వానాకాలం మొదలైతే చాలు లోపలి పేజీలో శ్రీశైలం ఇంత, సాగర్ ఇంత, పులిచింతల ఇంత, ప్రకాశం బ్యారేజీ ఇంత అని రోజూ పట్టీ వేస్తారు. అందులో వెలగలేరు అని ఇంకో వరుస చేర్చండి. నీటిమట్టం ఎంత, కెనాల్‌లోకి ఎంత పోతోంది, గేట్లు దించి ఉన్నాయా ఎత్తారా, ఈ మూడు ముక్కలు చాలు. అధికారులు ‘ఇవ్వం’ అంటే ఇవ్వలేదనే రాయండి, ఆ గడి ఖాళీగా పెట్టి అచ్చు వేయండి. జూన్ నుంచి మొదలుపెడితే బాగుంటుంది.

ఇట్లు,
సింగ్‌నగర్ నివాసి, విజయవాడ
(పేరు వేయవద్దని మనవి)